మడవొద్దన్న కాలు

“కోసింది కాలు గద, చేతులు మంచిగనే ఉన్నయి గద!” అంటూ సత్తెమ్మ చిక్కు నూలు గంప తెచ్చి కోడలి పొట్ట మీద పెట్టింది.

జమ్ములమ్మ దవాఖాన నుంచి ఇంటికి వచ్చి అది మూడో రోజు. నడిమింట్లో నులక మంచం మీద వెల్లకిలా పడుకొని ఉంది. కుడికాలు తొడ నుంచి మడమ దాకా ఒక చెక్కకు కట్టేసి ఉంది. కట్టు కింద గాయం చీమలు కుట్టినట్టు చుర్రుమంటోంది. అయినా ఆమె గంప వద్దనలేదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి గద్వాలలో నూలు దొరకడమే గగనం. దొరికిందీ సగం చిక్కులే. ఎవరో ఒకరు కూర్చుని విప్పాలి. కూర్చోలేనిది పడుకొని విప్పితే తప్పేముంది అనుకుంది. నిజం చెప్పాలంటే, ఆ గంప పొట్ట మీద పడగానే ఆమెకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది. పని చేయకుండా ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఉండనిస్తారో ఆమెకు తెలియదు. పదిహేడేళ్ల కాపురంలో ఎప్పుడూ ఉండి చూడలేదు.

మోకాలు పగిలింది కూడా నూలు కోసమే. ఒక తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నారు. సంతకు తోలుకుపోతున్న ఎద్దు ఒకటి బెదిరి దారాల మీదికి దూకబోయింది. అందరూ పక్కకు తప్పుకున్నారు. జమ్ములమ్మ ఎదురు ఉరికింది. ఎద్దు మళ్లింది, పడుగు దక్కింది, ఆమె మాత్రం గడప రాయి మీద మోకాలితో పడింది. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. మొగుడు శంకరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమెను దాటిపోయి పడుగు దగ్గర వంగాడు. “ఒక్క పోగన్న తెగిందా?” అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, “నువ్వెందుకు పడ్డవే?” అన్నాడు.

ఈ మాటను ఆమె దవాఖానలో పక్క మంచాల వాళ్లకు నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్తే మొగుడి మీద చాడీ చెప్పినట్టు కాదు కదా.

కృష్ణ అవతల మిషన్ దవాఖాన అది. తెల్ల దొరసాని డాక్టరు. మోకాలి చిప్ప రెండు ముక్కలైందని, కోసి కలపాలని చెప్పింది. ముఖం మీద గుడ్డ వేసి మందు చుక్కలు పోశారు. మెలకువ వచ్చేసరికి కాలు చెక్కలో ఉంది. పక్కన నర్సు పుష్పమ్మ నిలబడి ఉంది. పుష్పమ్మ వాళ్లది బిజినేపల్లి దిక్కు. తాత తండ్రులు కూలికి పోయినవాళ్లు, తల్లి కాలంలో కిరస్తానంలో కలిశారు. ఆమె చేతి నీళ్లు తాగడానికి జమ్ములమ్మ రెండు రోజులు తటపటాయించింది. మూడో రోజు దాహం గెలిచింది. తాగిన తర్వాత నీళ్లకు వేరే రుచి ఏమీ లేదని గమనించింది.

“దొరసాని నీ చిప్పను నువ్వు అంచు కలిపినట్టే కలిపింది. దారానికి బదులు సన్న తీగె,” అంది పుష్పమ్మ.

“ముడి మంచిగేసిందా మరి? మా అత్త చూస్తె వంకలు పెడ్తది.”

వార్డంతా నవ్వింది. జమ్ములమ్మకు అంచు కలపడం మీద తప్ప వేరే దేనిమీదా గర్వం లేదు. నూలు చీరకు పట్టు అంచు పోగు పోగుకూ మెలేసి కలపాలి. రవ్వంత ఏమరితే చీరకూ అంచుకూ మధ్య సందు కనిపిస్తుంది. ఆమె కలిపిన చోట వేలితో తడిమినా తెలియదు. సేట్లు ఆ చీర చేతిలోకి తీసుకొని, “ఇది శంకరయ్య చెయ్యి” అనేవాళ్లు. శంకరయ్య తల వంచుకొని నవ్వేవాడు. ఆమె లోపల చాటున నిలబడి, ఇంటి పేరు పెరిగితే తన పేరు పెరిగినట్టే అని తనకు తనే చెప్పుకునేది.

మూడు వారాలకు ఇంటికి పొమ్మన్నారు. ఆ రోజు దొరసాని వరండాలో శంకరయ్యతో చాలాసేపు మాట్లాడింది. పుష్పమ్మ పక్కన నిలబడి తెలుగులో చెప్తోంది. మంచం మీది నుంచి జమ్ములమ్మకు మాటలు వినపడలేదు గానీ దొరసాని మోచెయ్యి మడిచి చాపడం, మడిచి చాపడం కనిపించింది. శంకరయ్య బుద్ధిగా తలూపాడు.

“ఏమన్నది?” అని అడిగింది అతను లోపలికి రాగానే.

“మూడు నెలలు కాలు మడవొద్దంట. మడిస్తె తీగె తెగి చిప్ప ఊడొస్తదంట. మల్ల దేవుడొచ్చినా బాగుకాదంట.”

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు రైలులో అతను ఆమె కాలును తన ఒడిలో పెట్టుకున్నాడు. కుదుపు తగలకుండా గద్వాల దాకా రెండు చేతులతో తిన్నగా పట్టుకున్నాడు. ఎదురు బల్ల మీది ముసలమ్మ, “ఎంత మంచి పెనిమిటే నీకు!” అంది. జమ్ములమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన తర్వాత అతను ఆమె కాలు ముట్టుకోవడం అదే మొదలు.

ఆమె కాలు మడవలేదు. నిద్రలో ముడుచుకుపోతుందేమో అన్న భయంతో కట్టు ఇంకా గట్టిగా కట్టమని తనే అత్తను అడిగేది.

*

రెండో వారంలో సరోజ వచ్చింది. సత్తెమ్మ తమ్ముడు కురుమయ్య కూతురు. ఊరు రాజోలి, వయసు పద్దెనిమిది, పొట్టి మనిషి, చేతులు చురుకు. నూలు కండెలు చుట్టడానికి వచ్చిందన్నారు.

“జర పిల్లకు అంచు కలుపుడు నేర్పు. నువ్వు లేచెదాంక ఆర్డరు ఆగొద్దు గద,” అన్నాడు శంకరయ్య.

మంచం మీది నుంచి మగ్గం కనిపిస్తుంది. జమ్ములమ్మ పడుకునే నేర్పింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని సరోజ కూర్చునేది. “ఆ పోగు కాదు, దాని పక్కది... లాగకు, మెల్లగ పిలువు... ఆఁ, వచ్చింది చూడు.” ఎవరికీ చెప్పని కిటుకులు కూడా చెప్పేసింది. చెప్తున్నకొద్దీ సంతోషంగా ఉండేది. పుట్టిన ఇద్దరు బిడ్డలూ ఆమెకు దక్కలేదు. తన చేతిలోది ఇంకో చేతిలోకి పోవడం ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు తెలియదు. సరోజ నెల తిరక్కుండానే పట్టేసింది. అన్నం కూడా ఆ పిల్లే తెచ్చిపెట్టేది. తల దువ్వేది. సత్తెమ్మ చూడనప్పుడు చిక్కు నూలు గంపలో సగం తీసుకుపోయి తనే విప్పేది.

ఒక మధ్యాహ్నం జమ్ములమ్మ కళ్లు మూసుకొని మగ్గం చప్పుడు వింటోంది. పదిహేడేళ్లు తొక్కిన మగ్గం. తొక్కుడు చెక్క కిందికి పోయే చప్పుడుకూ దువ్వెన కొట్టే చప్పుడుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ రోజు ఆ ఎడం తగ్గింది.

“సరోజా, తొక్కుడు చెక్కల తాళ్లు ఎవరన్న ముట్టిండ్రా?”

“బావ నిన్న తగ్గిచ్చి కట్టిండక్కా. నాకు కాళ్లు అందుతలేవని. కూసునే పలక గూడ కోసి దించిండు.”

జమ్ములమ్మ కళ్లు తెరిచింది. ఇది సాలె ఇల్లు. రెండు నెలల సాయానికి వచ్చిన మనిషి కోసం ఎవరూ తాళ్లు తిరగ్గట్టరు. కాళ్ల కింద ఇటుక పెట్టి సరిపుచ్చుతారు. ఇంటి మగ్గం తాళ్లు ఇంటి మనిషి కాలి కొలతకే కడతారు. కొత్త కోడలు వచ్చినప్పుడు కడతారు. తనకూ అలాగే కట్టారు.

“నువ్వు మీ ఊరికి ఎప్పుడు పోతవే?” అని అడిగింది, గొంతు మామూలుగా పెట్టి.

సరోజ అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి ఇటు తిరిగింది. ముఖం సిగ్గుతో ఎర్రబడింది. “అదేందక్కా, మీరే అడిగిపిచ్చిన్రంట గద. నా కాలు పోయింది, ఇంటికి ఇంకో మనిషి కావాలె, పరాయిదాని కంటె మన పిల్లయితె నయం అన్నరంట. అత్త వచ్చి మా నాయినకు చెప్పింది. వచ్చే అమావాస్యకు పెద్దలు కూసుంటరంట. మీ నోటితోని చెప్పిచ్చుకొని తాంబూలం ఇచ్చుకుంటరంట.” కొంచెం ఆగి, “మీరడగకుంటె నేను రాకపోతుంటి,” అంది.

అది నిజమేనని ఆ పిల్ల కళ్లు చూస్తే తెలుస్తోంది.

ఆ సాయంత్రం శంకరయ్య అన్నం తింటుంటే జమ్ములమ్మ అడిగింది. “తాళ్లెందుకు తగ్గిచ్చినవ్?”

అతను ముద్ద నోట్లో పెట్టుకొని నమిలాడు. నీళ్లు తాగాడు. “చెప్దామనే అనుకుంటున్న. నీ కాలు గిట్లయిపాయె. నేనేమన్న నిన్ను ఎల్లగొడ్తున్ననా? నీ మూల నీకే, నీ ముద్ద నీకే. ఇద్దరు అక్కచెల్లెండ్ల లెక్క ఉండుండ్రి. అది గుంటల కూసుంటది, నువ్వు మంచం మీది కెళ్లి చెప్తవు.”

“నేను ఒప్పుకున్ననని నాకు తెల్వకుండ ఎట్ల చెప్పినవ్?”

“ఒప్పుకోక ఏం చేస్తవే?” అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

గోడ అవతలి నుంచి సత్తెమ్మ అందుకుంది. “కాలు వంగనిదానికి కడుపుల ఇంత పడేస్తుండు, సాలదా? ఇంకో మొగోడైతె పుట్టింటి తొవ్వ చూపుతుండె.”

కుల కట్టు ఆమెకు తెలుసు. మొదటి భార్య మగ్గం ఎక్కలేని స్థితిలో ఉంటేనే సాలెవాడికి రెండో పెళ్లి. అది కూడా ఆమె పెద్దల ముందు తన నోటితో ఒప్పుకుంటేనే. ఆమె మగ్గం ఎక్కలేదు. అది దేవుడు చేసిన పని అనుకుంది. మొగుడు పిరికివాడు, తల్లి మాట జవదాటడు, వచ్చిన కష్టాన్ని తనకు అనువుగా తిప్పుకున్నాడు, మగవాళ్లు అంతే అనుకుంది. అలా అనుకుంటే ఏడవడం వీలైంది. మూడు రోజులు ఏడ్చింది.

నాలుగో రోజు గురువారం.

*

పెరటి వైపు కిటికీ చువ్వల మధ్య నుంచి ఎవరో, “జమ్ములమ్మా!” అని పిలిచారు.

పుష్పమ్మ. గురువారం గురువారం రైలులో గద్వాలకు వచ్చి స్టేషను దగ్గర గాయాలకు కట్లు కడుతుంది. భుజానికి మందుల సంచి. ముఖం మీద చెమట.

“ముందటి తలుపుకు రెండు వారాలు వచ్చిన. మీ అత్త గడప కాడనే ఆపింది. మంచిగ నడుస్తుంది, బాయికాడికి పోయింది అని ఒకసారి. సుట్టాలింటికి పోయింది అని ఇంకోసారి. నీళ్ల కుండలున్నయి, దూరముండు అన్నది. ఇయ్యాల ఈ సందుల కెళ్లి పోతుంటె నీ దగ్గు ఇనబడ్డది.” అంటూనే ఆమె చూపు మంచం మీదికి పోయింది. “అదేంది? ఇంక చెక్క ఉంది?”

“మూడు నెలలు మడవొద్దంటిరి గద.”

“ఎవరన్నరు?”

జమ్ములమ్మ జవాబు చెప్పేలోపే పుష్పమ్మ రెండు చేతులతో చువ్వలు పట్టుకుంది. “ఇంటికి పోయినంక మూడు వారాలకు చెక్క తియ్యాలె. దినాం పొద్దుగాల, మాపటీలి మంచం అంచుకు కూసోని కాలు కిందికి ఏలాడెయ్యాలె. రోజుకింత మడవాలె. మడవకుంటె కీలు పట్టుకపోతది, తుప్పు పట్టిన గడియ లెక్క. దొరసాని చెయ్యి మడిచి చూపిచ్చింది. నేను ముమ్మారు చెప్పిన. మీ ఆయనతోని తిరిగి చెప్పిచ్చుకున్న కూడ. ఒక్క తప్పు లేకుండ అప్పజెప్పిండు!”

ఒక్క తప్పు లేకుండా.

జమ్ములమ్మ పైకప్పు వాసాల వైపు చూసింది. సరోజ రాకముందే. తాళ్లు తగ్గించకముందే. తను ఇంకా దవాఖాన మంచం మీద ఉండగానే, వరండాలో నిలబడి బుద్ధిగా తలూపి, అంతా విని, అంతా గుర్తు పెట్టుకొని, లోపలికి వచ్చేలోపు ఆ పది అడుగుల దూరంలో మాట మార్చేశాడు. అంత చిన్న దూరంలోనా? లేక ఎప్పటి నుంచో అనుకుంటూ ఉన్నాడా? రైలులో కాలు ఒడిలో పెట్టుకొని తిన్నగా పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. కుదుపు తగలకుండా కాదు, వంగకుండా. ఎదురు బల్ల ముసలమ్మ మెచ్చుకుంటుంటే అతను నవ్వాడు కూడా. తను ఏడ్చింది. ఎంత సంతోషపడి ఏడ్చింది! అత్త కట్టు కడుతుంటే ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని తనే అడిగింది. తన కాలును తన చేతులతోనే కట్టేయించారు. తన విద్యను తన నోటితోనే నేర్పించుకున్నారు. చేయాల్సిందంతా ఆమె చేతే చేయించి, ఇక ఒప్పుకున్నానన్న ఒక్క మాట మాత్రం మిగిల్చారు.

మూడు రోజుల ఏడుపు అక్కడికక్కడ ఆరిపోయింది.

“ఇప్పుడు వంగుతదా?” అని అడిగింది.

“చూడకుండ ఎట్ల చెప్త?”

“లోపలికి రా.”

పుష్పమ్మ కదల్లేదు. “మీ అత్త...”

“కోమట్ల అంగడికి పోయింది. ఆయన సేటు కాడికి పోయిండు. పెరటి తలుపు తీసే ఉంది. కుండలు తగిల్తె తగలనీ, రా!”

మగ్గం చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. గుంటలో నుంచి సరోజ ఇటే చూస్తోంది. మాటలన్నీ విన్నది. లేచి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, కట్టు ముడి విప్పడం మొదలుపెట్టింది. “నాకు తెల్వదక్కా. మా నాయిన మీద ఒట్టు, నాకు తెల్వదు,” అంటోంది.

కాలు చూసి జమ్ములమ్మకు భయమేసింది. తన కాలులా లేదు. ఎండిన కట్టెలా సన్నబడింది. మోకాలి మీద మచ్చ నల్లగా, మెరుస్తూ ఉంది. పుష్పమ్మ మడమ కింద చెయ్యి పెట్టి మెల్లగా వంచింది. చూపుడు వేలి మందం వంగి ఆగిపోయింది. జమ్ములమ్మ దిండు కొరికింది.

“పూర్తిగ పట్టుకపోలే. నొప్పికి ఓర్చుకుంటె వస్తది. ఎన్ని దినాలు ఉన్నయి?”

“అమావాస్యకు పన్నెండు,” అంది సరోజ.

*

పన్నెండు రోజులూ సత్తెమ్మ ఇంట్లో లేని ప్రతి గడియా వాళ్లిద్దరిదీ. శంకరయ్య అడుగు చప్పుడు కాగానే సరోజ చెక్క మళ్లీ కట్టేసేది. జమ్ములమ్మ గంప పొట్ట మీద పెట్టుకొని వెల్లకిలా పడుకునేది. మొదటి రోజు కాలు మంచం అంచు నుంచి వేలాడేస్తే అది వేలాడలేదు, చాచిన కట్టెలా ముందుకు నిలిచింది. సరోజ ఇసుక మూట చీలమండకు కట్టింది. రెండో రోజు కొంచెం దిగింది. నాలుగో రోజు మోకాలు గుమ్మడికాయంత వాచింది, ఏమీ చేయలేకపోయారు. ఆ రోజే సత్తెమ్మ మంచం పక్కన నిలబడి, “ఏందే, మొకం గట్ల పాలిపోయింది? పండుకోని తినెటోళ్లకు గూడ అలుపేనా?” అంది. తర్వాతి గురువారం పుష్పమ్మ వేడినీళ్ల కాపడం చెప్పింది, తనే కూర్చుని మరికాస్త వంచింది, అమావాస్య నాడు కూడా వస్తానని చెప్పిపోయింది. ఎనిమిదో రోజు నుంచి జమ్ములమ్మ గుంట అంచున కూర్చోవడం మొదలుపెట్టింది.

అక్కడ కొత్త చిక్కు వచ్చింది. తాళ్లు సరోజ కొలతకు ఉన్నాయి. తొక్కుడు చెక్కలు పైకి ఉన్నాయి. పొడుగాటి జమ్ములమ్మ వాటిమీద పాదం పెట్టాలంటే మోకాలు మామూలుకంటే ఎక్కువ వంగాలి.

“నేను తాళ్లు దించుత,” అంది సరోజ.

“వద్దు. ఆయన గుంటల దిక్కు ఒక్కసారి చూస్తె దొరికిపోతం. నేనే వంచుత.”

నొప్పి వచ్చినప్పుడు వాళ్లిద్దరూ మాట్లాడుకునేవాళ్లు. సరోజ అన్న మిలట్రీలో చేరిపోయినప్పటి నుంచి రాజోలిలో అతని మగ్గం ఖాళీగా పడి ఉందట. తండ్రికి చూపు తగ్గిందట. ఒక మధ్యాహ్నం సరోజ, “అక్కా, పెద్దలు నన్ను అడిగితె ఏం చెప్పాలె?” అంది. “నువ్వు విన్నది చెప్పు. ఇష్టముంటెనే,” అంది జమ్ములమ్మ. పదకొండో రోజు కుడిపాదం మొదటిసారి తొక్కుడు చెక్కకు ఆనింది. ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. సరోజ కూడా ఏడ్చింది.

*

అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. వీధంతా చప్పుడు లేకుండా ఉంది. పొద్దెక్కేసరికి శంకరయ్య ఇంటి అరుగు మీద చాప పరిచారు. కులపెద్ద భీమయ్య, ఇంకో ముగ్గురు వచ్చి కూర్చున్నారు. కురుమయ్య రాజోలి నుంచి బండి కట్టుకొని వచ్చాడు. సత్తెమ్మ కొత్త చీర కట్టింది.

“జమ్ములమ్మా,” అని భీమయ్య గుమ్మంలో నుంచి గొంతు పెంచాడు. “లేవకు బిడ్డా, ఆడికెల్లే చెప్పు. నీ కాలు పోయింది, మగ్గమెక్కే ఆశ లేదు. నీ పెనిమిటి సరోజను చేసుకుంటుండు, నీకు సమ్మతమే. గంతేనా?”

లోపల చెక్క నేలమీద పడిన చప్పుడైంది. కర్ర టక్కుమంది. జమ్ములమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

శంకరయ్య ఎగిరి లేచాడు. “ఏయ్, మడవొద్దన్నరు గదే! తీగె తెగుతది!”

“తెగితె నా కాలే గద. పెద్దయ్యా, జర మగ్గం కాడికి రాండ్రి.”

“అమాస నాడు మగ్గం ముడ్తదంట! అయ్యో, ఇల్లు నాశనం చేస్తది!” సత్తెమ్మ అడ్డం వచ్చింది.

భీమయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. “నేయొద్దు. గుంటల కూసోనీకె అడ్డం లేదు.”

నలుగురు పెద్దలు చూస్తుండగా ఆమె పలక మీద కూర్చుంది. ఎడమకాలు దింపింది. కుడికాలు రెండు చేతులతో పట్టుకొని గుంట అంచు దాటించింది. వదిలింది. కాలు దిగింది, సగంలో ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది. పళ్లు బిగించి ఇంకా దించింది. పాదం చెక్కకు తగిలింది.

“తొక్కుడు చెక్కలు పైకెందుకున్నయి?” అన్నాడు భీమయ్య వంగి చూస్తూ. ఆయనా సాలెవాడే. “ఈ తాళ్లు నీ కొలత కాదే. ఎవరు తగ్గిచ్చిండ్రు?”

పెద్దలందరూ శంకరయ్య వైపు తిరిగారు.

“కోసిన కాలు ఇంటికొచ్చిన మూడు వారాలకు మడవాలని దొరసాని చెప్పింది. మూడు నెలలు మడవొద్దని ఈన నాకు చెప్పిండు,” అంది జమ్ములమ్మ గుంటలో నుంచే. “దవాఖాన నర్సు వీధిల నిలబడి ఉంది. అడగండ్రి.”

భీమయ్య వీధి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. “ఆమె మాటతోని మనకేం పని?”

“నా మాటతోనన్న పని ఉందా తాతా?” అంది సరోజ. “నేను ఇంట్లనే ఉన్న. అంత విన్న. ఈ పెండ్లి అక్క అడిగింది కాదు. నాకొద్దు.”

కురుమయ్య తన అక్క సత్తెమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె పైట సర్దుకుంది. శంకరయ్య నేల చూస్తూ, “నేను సరిగ్గ ఇనలేదేమొ... ఆ దొరసాని తెలుగు సగం సగం,” అని గొణిగాడు.

భీమయ్య గొంతు సవరించుకున్నాడు. “అయిందేదో అయింది. మొగోడు జర తొందరపడ్డడు. పెండ్లి మాట ఇక లేదు. జమ్ములమ్మా, నువ్వు గెలిచినవు బిడ్డా. రేపటి సంది నీ మగ్గం నీదే, తాళ్లు సరిగ్గ కట్టిచ్చుకొని ఎక్కు.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గండం గడిచినట్టు ఒకాయన నవ్వాడు. మళ్లీ చాప మీద సర్దుకున్నారు. ఇంకొకాయన నూలు ధర ఎత్తుకున్నాడు. సత్తెమ్మ అయితే ఏమీ జరగనట్టే, “ఏమే, లేస్తివి గద, పెద్దలకు మజ్జిగ పొయ్యి!” అంది.

జమ్ములమ్మ గుంటలో కూర్చునే ఉంది. గెలిచింది. ఏం గెలిచింది? ఈ పలక, ఈ గుంట, ఆ మజ్జిగ కుండ. మోకాలు పోగొట్టాలని చూసిన మనిషి పక్కనే రేపటి నుంచి పడుకోవాలి. అతను తొందరపడ్డాడట. కాలు వంగుతుందా అని నలుగురూ తొంగి చూశారు. నొప్పి పెడుతోందా అని ఒక్కరూ అడగలేదు. పన్నెండు రోజులు ఆమె పళ్లు కొరుక్కొని కాలు వంచింది ఇందులోకి దిగడానికేనని వాళ్లందరూ అనుకుంటున్నారు. నిన్నటిదాకా ఆమె కూడా అలాగే అనుకుంది.

సరోజ చెయ్యి పట్టుకొని పైకి లేచింది. లోపలికి పోయి రెండు చీరలు మూట కట్టింది. మజ్జిగ కుండను దాటుకుంటూ బయటికి వచ్చింది.

“మామా,” అంది కురుమయ్యతో, “సరోజను తోలుకపోతున్నవు గద. బండిల ఇంకొకరికి జాగుందా? మీ ఇంట్ల మగ్గం ఖాలీగుందంట. అంచు కలపనీకె ఇద్దరుంటె మంచిది. తిని కూసుండ, నేసి తింట.”

కురుమయ్య అక్క వైపు చూడలేదు. ఎడ్లను కాడికి కట్టాడు. “ఎక్కు బిడ్డా,” అన్నాడు.

బండి ఎత్తుగా ఉంది. జమ్ములమ్మ కర్రను బండిలోకి విసిరి, బండి గుంజ పట్టుకొని, కుడికాలు ఎత్తి వంచింది. నొప్పి తొడ దాకా పాకింది. వీధి గోడ పక్కన నిలబడ్డ పుష్పమ్మ ముందుకు రాబోయి ఆగింది. అవసరం లేకపోయింది.

అప్పుడు వచ్చాడు శంకరయ్య. బండి చక్రం మీద చెయ్యి వేశాడు. పోవద్దు అనలేదు. తప్పయింది అనలేదు.

“చీర సగంల ఉంది గదనే,” అన్నాడు. “ఎల్లుండి సేటొస్తడు. అంచు ఇంకా మూరన్నర కలపాలె.”

“శంకరయ్య చెయ్యి అని ఊరంత అంటరు గద,” అంది జమ్ములమ్మ, అరుగు మీది పెద్దలందరికీ వినబడేట్టు. “నేసుకో.”